చార్టు నాన్న రాస్తే పిల్లకి రాత ఎలా వస్తుంది?

ఆగస్టు 23 దగ్గర పడితే చాలు, జాతీయ అంతరిక్ష దినోత్సవం పేరుతో బడుల్లో పోటీలు. థర్మాకోల్ రాకెట్లు, ఫోన్లో వెతికి దించిన పేరాలు, నాన్న గుండ్రటి చేతిరాతతో నింపిన చార్టులు. మూడో తరగతి పిల్లకి ‘చంద్రయాన్-3 లక్ష్యాలు’ అని పది లైన్లు బట్టీ పట్టిస్తారు. అందులో ఒక్క వాక్యమైనా ఆ పిల్ల సొంతంగా చదవగలదా అని ఎవరూ చూడరు. రాకెట్టంటే చెవి కోసుకునే వయసు అది. ఆ ఇష్టాన్ని ఇలా నేలపాలు చేయడం అన్యాయం.

చదివించడానికి సౌరకుటుంబమంతా అక్కర్లేదు, ఒక్క సంఘటన చాలు. 2023 ఆగస్టు 27న, చంద్రుడి మీద తిరుగుతున్న చంద్రయాన్-3 చిన్న బండి ప్రజ్ఞాన్ రోవర్ దారిలో నాలుగు మీటర్ల వెడల్పు గొయ్యి ఎదురైంది. మూడు మీటర్ల దూరంలో ఉండగానే దాన్ని గుర్తించారు. వచ్చిన దారినే వెనక్కి మళ్లమని ఆదేశం పంపారు. రోవర్ కొత్త దారి పట్టింది. అంతే, నాలుగు వాక్యాలు. పెద్ద అక్షరాలతో రాసి, మొదట మీరు వేలు పెట్టి చదవండి, తర్వాత ఇద్దరూ కలిసి, ఆపైన పిల్ల ఒక్కతే.

ఇక ప్రశ్న. ‘గొయ్యి ఎంత వెడల్పు?’ అంటే అర్థం కాకపోయినా అంకె ఏరి చెప్పేస్తారు. ఆ రోవర్ నడిచేది సెకనుకి ఒక్క సెంటీమీటరు. మూడు మీటర్లకి ఐదు నిమిషాలు. అంత నెమ్మదిగా పోయేదాన్ని అంత ముందుగా ఎందుకు మళ్లించారు? ‘ఎందుకంటే’ అని మొదలుపెట్టి ఒక్క వాక్యం రాయమనండి. నడిపే మనుషులు భూమ్మీద ఉన్నారనీ, ఫొటో ఇక్కడికి రావాలి, చూడాలి, ఆదేశం తిరిగి వెళ్లాలనీ పిల్లలకి తట్టేది అప్పుడే. ఆ వాక్యం వంకరగా వచ్చినా సరే, అది వాళ్లది.

రోజుకి మూడు కొత్త మాటలు మించొద్దు. ‘గురుత్వాకర్షణ’ దగ్గర చాలామంది ఆగిపోతారు. త్వా కింది వత్తు మింగేస్తారు. ‘ర్ష’ ఇంకా కష్టం: పలికేటప్పుడు ‘కర్-షణ’ అని విరుగుతుంది, రాసేటప్పుడు ర కింద ష వత్తుగా చేరుతుంది. అందుకే తిరగేసి ష కింద ర పెడతారు. చప్పట్లు కొడుతూ విడగొట్టి పలికించి, వెంటనే రాయించండి.

వరసగా రాయడం నేర్పడానికి శ్రీహరికోట ప్రయోగం వీడియో చాలు. చంద్రయాన్-3ని మోసిన ఎల్‌వీఎం3 రాకెట్‌ని చూడండి. పక్కనున్న రెండు ఘన ఇంధన బూస్టర్లు మండి రాకెట్‌ని లేపుతాయి. అవి రాలిపోకముందే మధ్యలోని ద్రవ ఇంధన దశ అంటుకుంటుంది. పిల్లలు ఇక్కడ ‘తర్వాత, తర్వాత’ అని రాసుకుంటూ పోతారు, వరస తప్పుతుంది. ‘మండి’, ‘ఖాళీ అయి’, ‘రాలిపోకముందే’ అని కలపడం చూపించండి. అసమాపక క్రియ గురించి వ్యాకరణ పాఠం తర్వాతైనా చెప్పుకోవచ్చు.

అన్నిటికంటే నేను గట్టిగా చెప్పేది చందమామ నోటుబుక్కు. తదియ నుంచి మొదలుపెట్టండి. పాడ్యమి, విదియల్లో నెలవంక పొద్దు గూకగానే దిగిపోతుంది, పిల్లలు వెతికి విసిగిపోతారు. రోజూ ఒకే టైముకి, ఒకే చోట నిలబడి చూడాలి. వృత్తం గీసి, వెలుగు భాగం వదిలేసి మిగతాది పెన్సిల్‌తో నింపాలి. కింద రెండు వాక్యాలు: ఎక్కడ కనబడింది, నిన్నటికీ ఇవాళ్టికీ తేడా ఏంటి. ఆ రెండో వాక్యం కోసమే ఈ పనంతా. మబ్బు పట్టిన రోజు ‘మబ్బు, కనబడలేదు’ అనే రాయాలి, క్యాలెండర్ చూసి గీయకూడదు.

పౌర్ణమి దాటాక చాలా ఇళ్లలో ఇది ఆగిపోతుంది. చంద్రుడు రోజుకి సగటున 50 నిమిషాలు ఆలస్యంగా లేస్తాడు, అప్పటికి పిల్లలు నిద్రపోతారు. అక్కడ మానకండి. పొద్దున బడికి బయల్దేరే ముందు పడమటివైపు చూడమనండి, పౌర్ణమి తర్వాతి వారంలో చాలా రోజులు ఇంకా ఆకాశంలోనే ఉంటాడు. దిద్దేటప్పుడు మాత్రం పేజీకి ఒక్క తప్పే పట్టుకోండి. ఎర్ర పెన్నుతో పేజీ నింపితే మర్నాడు నోటుబుక్కు తెరవరు.