బూడిదను దాచని ఇంధనం

చమురుకూ బొగ్గుకూ బదులు లోహాలను మండించవచ్చా అన్న ప్రశ్న తలెత్తినప్పుడల్లా చర్చ అల్యూమినియం, మెగ్నీషియం వంటి చురుకైన లోహాల చుట్టూనే తిరుగుతుంది. అందుకు కారణం లేకపోలేదు. లీటరు పెట్రోలులో సుమారు 34 మెగాజౌళ్ల శక్తి ఉంటే, అంతే ఘనపరిమాణం గల అల్యూమినియంలో 84 మెగాజౌళ్ల దాకా ఉంటుంది. అమెరికా స్పేస్ షటిల్‌ను నేల మీద నుంచి లేపిన బూస్టర్ల ఘన ఇంధనంలో 16 శాతం అల్యూమినియం పొడే. ఈ అంకెలు చూసి మురిసిపోవడం, వడ్డీ ఎంతో అడగకుండా అప్పు తెచ్చుకోవడం లాంటిది. లోహాలు ఇంధనంగా పనికివస్తాయనే నా అభిప్రాయం. అయితే ఆ పనికి తగినది వాటిలో కాస్త మందకొడిదైన ఇనుము.

చర్యాశీలత గల లోహమేదీ భూమిలో విడిగా దొరకదు. అది ఎక్కువగా ఆక్సిజన్‌తో కలిసిన ఆక్సైడ్‌గా, అంటే ఎప్పుడో కాలిపోయిన బూడిదగా దొరుకుతుంది. ఆ బూడిద నుంచి ఆక్సిజన్‌ను విడదీయడానికి మనం వెచ్చించిన శక్తిలో కొంత భాగమే మంటలో తిరిగి మన చేతికి వస్తుంది. ఎంత చెట్టుకు అంత గాలి అన్నట్టు, లోహం ఎంత చురుకైనదైతే ఈ విడదీత అంత ఖరీదవుతుంది. కరిగించిన ఆక్సైడ్‌ను విద్యుత్తుతో విడగొట్టే, 1886లో కనుగొన్న హాల్-హెరూ పద్ధతిలోనే ఇప్పటికీ తయారవుతున్న అల్యూమినియం, కిలోకు దాదాపు 14 కిలోవాట్ గంటల విద్యుత్తును, అంటే 50 మెగాజౌళ్లను మింగి, మండేటప్పుడు 31 మెగాజౌళ్లు ఇస్తుంది. పైగా ఆ విద్యుద్విశ్లేషణలో కార్బన్‌తో చేసిన ధనధ్రువాలు కూడా ఖర్చయి, టన్ను లోహానికి సుమారు టన్నున్నర కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. కార్బన్‌ను వదిలించుకోవడానికి ఎంచుకున్న ఇంధనం తన పుట్టుకలోనే కార్బన్‌ను వదులుతోందన్నమాట.

అసలు తేడా మండే తీరులో ఉంది. అల్యూమినియం మంటకు ఉండే వేడికి లోహమే ఆవిరైపోతుంది. ఆ ఆవిరి ఆక్సిజన్‌తో కలిసి కంటికి ఆనని సన్నటి ఆక్సైడ్ పొగగా మారుతుంది. దాన్ని పూర్తిగా పట్టుకోవడం మహా కష్టం, పట్టుకోలేకపోతే మళ్లీ లోహంగా మార్చడమన్న మాటే ఉండదు. ఇనుము అలా కాదు. అది మరగాలంటే 2,860 డిగ్రీల సెల్సియస్ దాటాలి, ఇనుప పొడి మంట సాధారణంగా అంత దాకా పోదు. అందుచేత ప్రతి రేణువూ చిన్న ద్రవబిందువుగా ఉండి, ఆక్సిజన్‌ను తనలోకే పీల్చుకుని, దాదాపు తొలి ఆకారంలోనే తుప్పు రేణువుగా మిగులుతుంది. దాన్ని వడపోసి కూడబెట్టవచ్చు, హైడ్రోజన్‌తో క్షయకరణం చేసి, అంటే అందులోని ఆక్సిజన్‌ను లాగేసి, తిరిగి ఇనుముగా మార్చవచ్చు. భద్రత విషయంలోనూ తేడా తక్కువేమీ కాదు. చైనాలోని కున్షాన్‌లో 2014లో అల్యూమినియం మిశ్రలోహపు చక్రాలకు మెరుగుపెట్టే కర్మాగారంలో ధూళి పేలి వంద మందికి పైగా చనిపోయారు. ఇనుప ధూళి కూడా పేలగలదు కానీ దాని తీవ్రత చాలా తక్కువ.

కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో పరిశోధకుడు బెర్గ్‌థార్సన్ బృందం చాలా కాలంగా ఈ వాదనే వినిపిస్తోంది. ఐండ్‌హోవెన్ సాంకేతిక విశ్వవిద్యాలయం విద్యార్థుల చొరవతో 2020లో నెదర్లాండ్స్‌లోని ఒక బీరు తయారీ కేంద్రంలో 100 కిలోవాట్ల ఇనుప ఇంధన వ్యవస్థ ఆవిరిని పుట్టించింది.

దీన్ని ఒప్పుకోనివారు బరువు లెక్క తీస్తారు. కిలో ఇనుములో ఉన్నది 7.4 మెగాజౌళ్లే, కాలిన తరువాత అదే కిలో 1.43 కిలోలవుతుంది, కాబట్టి కారులో మోయలేం. విద్యుత్తుతో హైడ్రోజన్ చేసి, దానితో ఇనుము చేసి, దాన్ని మండించి మళ్లీ విద్యుత్తు తీస్తే మూడోవంతు కూడా మిగలడం కష్టం. ఈ రెండూ నిజాలే. కార్లకు బ్యాటరీలే మేలని నేనూ ఒప్పుకుంటాను. అయితే ప్రపంచం చివరికి వాడుకునే శక్తిలో దాదాపు సగం వేడి రూపంలోనే ఖర్చవుతుంది. బాయిలర్ కింద మంట కావలసిన కర్మాగారానికి ఆ వేడిని మళ్లీ విద్యుత్తుగా మార్చే అవసరమే లేదు. వేసవిలో మిగిలిన సౌరవిద్యుత్తును చలికాలం దాకా దాచాలంటే, హైడ్రోజన్‌ను మైనస్ 253 డిగ్రీలకు చల్లార్చి ద్రవంగా నిలబెట్టడం కంటే తడి తగలని తొట్టెలో ఇనుప పొడిని పోసి ఉంచడం ఎంతో తేలిక.

ఆ బరువు అభ్యంతరాన్ని నేను మరో వైపు నుంచి చూస్తాను. కిలో పెట్రోలు మండితే మూడు కిలోలకు పైగా కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. ఆ బూడిదను ట్యాంకులోకి తిరిగి పట్టి వెనక్కి మోసుకుపొమ్మని కారు యజమానిని ఎవరైనా అడిగి ఉంటే చమురు యుగమే మొదలయ్యేది కాదు. వాయువు కావడం వల్ల అది అక్షరాలా గాలిలో కలిసిపోయింది, దానితో పాటు దాని లెక్క కూడా. రెండు వందల ఏళ్లకు పైగా మనం ఇంధనాలకు వెల కట్టింది అవి ఇచ్చే వేడిని బట్టే. మిగిల్చేదాన్ని ఎవరూ తూకం వేయలేదు. తుప్పును వెనక్కి మోయాలి కాబట్టి ఇనుము బరువైన ఇంధనమని అనడంలో న్యాయం లేదు. తన బూడిద రవాణా ఖర్చును తానే భరిస్తున్నందుకు దాన్ని తప్పుపడుతున్నాం. ఆ ఖర్చును అన్ని ఇంధనాల బిల్లులోనూ కార్బన్ పన్ను రూపంలో చేర్చిన రోజున ఏది చవకో ఏది ఖరీదో మళ్లీ మొదటి నుంచి లెక్క వేయవలసి వస్తుంది.

కాబట్టి పరిశోధనకు కేటాయించే డబ్బు ఇంకా ఎక్కువ వేడినిచ్చే లోహం కోసం వెతకడానికి కాక, తుప్పును తిరిగి ఇనుముగా మార్చే కొలిమికి వెళ్లాలి. కిలో ఇనుముకు దాదాపు 54 గ్రాముల హైడ్రోజన్ కావాలి, అది చవకగా దొరకాలి. ఉష్ణోగ్రత పెంచితే క్షయకరణం వేగంగా సాగుతుంది కానీ రేణువులు ఒకదానికొకటి అతుక్కుని ముద్దవుతాయి. తగ్గిస్తే అతుక్కోవు కానీ పని నత్తనడక నడుస్తుంది. ఇనుప పొడి మండుతుందని ఆ బీరు తయారీ కేంద్రంలో తేలిపోయింది, తేలవలసింది ఈ ముద్దల సంగతే.