ప్రోగ్రెస్ కార్డులోని రిమార్కుల గడి గారికి

అయ్యా రిమార్కుల గడి గారూ,

రాత్రి పదకొండు దాటింది. రేపు పేరెంట్స్ మీటింగ్. నా బల్ల మీద తొమ్మిదో తరగతి ప్రోగ్రెస్ కార్డులు 42 ఉన్నాయి, 31 పూర్తయ్యాయి. లెక్క చెబుతాను, వినండి. 20 మందికి "శ్రద్ధ పెట్టాలి" అని రాశాను. ఏడుగురికి "ఇంకా కష్టపడాలి". ఇద్దరికి "బాగుంది, ఇలాగే కొనసాగించాలి". మిగిలిన ఇద్దరిదీ ఒకే బెంచీ. ఒకడికి "మాటలు తగ్గించుకోవాలి" అని, పక్కవాడికి "చొరవ లేదు, నలుగురిలో మాట్లాడాలి" అని రాశాను. ఇద్దరినీ కూడి రెండుతో భాగిస్తే మనకి కావలసిన విద్యార్థి వస్తాడు.

31 మంది పిల్లల ఆర్నెల్ల జీవితాన్ని ముప్పావుగంటలో తేల్చేశాను. ఇంత వేగంగా తీర్పులిచ్చే కోర్టు ఇంకెక్కడా ఉండదు. ఆ గొప్పతనం నాది కాదు, మీదే. మీరు రెండంగుళాల పొడవు, అరంగుళం ఎత్తు. మీలో నాలుగు మాటలు పడతాయి. అయిదో మాటకి చోటుంటే నేను ఆలోచించాల్సి వచ్చేది.

1904లో స్టాన్లీ హాల్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఈ వయసు పిల్లల గురించే రెండు లావుపాటి సంపుటాలు రాశాడు. వెయ్యి పేజీలు దాటినా ఆయనకి చెప్పాల్సింది తేలినట్టు లేదు. ఇది తుఫాను వయసు అన్నాడాయన. అందరూ అంత తుఫానులో ఉండరని తర్వాతివాళ్లు సవరించారు. పాపం, వాళ్లందరికీ మీ పరిచయం లేదు. ఉంటే "తుఫాను తగ్గించుకోవాలి" అని రాసి, సంతకం పెట్టి, హాయిగా పడుకునేవారు.

మీతో నాకు పదిహేడేళ్ల స్నేహం. ఈ పదిహేడేళ్లలో మీరు ఒక్క మిల్లీమీటరు పెరగలేదు. నా పిల్లలు మాత్రం సెలవులకి వెళ్లేటప్పుడు నా భుజం దాకా ఉండి, తిరిగొచ్చేసరికి నన్ను దాటేస్తారు. ఎదుగుదల జోరు మీదున్న ఏడాదిలో అబ్బాయిలు 8 నుంచి 10 సెంటీమీటర్లు పెరుగుతారు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు, కాళ్లు బెంచీ కింద పట్టవు. నేను మీలో "క్లాసులో కుదురుగా కూర్చోడు" అని రాస్తాను.

మీ ఆస్తిపాస్తుల్లో అన్నిటికన్నా విలువైనది "శ్రద్ధ" అన్న మాట. లెక్కల్లో మార్కులు తగ్గితే శ్రద్ధ, సైన్సులో తగ్గితే శ్రద్ధ, వరుసగా నాలుగు సోమవారాలు బడికి రాకపోతే అదీ శ్రద్ధే. ఇన్ని జబ్బులకి ఒకే మందు రాసే వైద్యుడు బయట దొరికితే జనం తరిమి తరిమి కొడతారు. మనల్ని మాత్రం కుర్చీ వేసి కూర్చోబెడతారు.

ఒకసారి మీటింగులో ఒక తల్లి కార్డు నా ముందు పరిచి, సరిగ్గా మీ మీద వేలు పెట్టి, "సార్, శ్రద్ధ అంటే వాడి చేత ఏం చేయించమంటారు?" అని అడిగింది. వెటకారం కాదు, నిజంగానే అడిగింది. రాసుకోవడానికి చిన్న నోటుబుక్కు, పెన్ను కూడా తెచ్చుకుంది. నేను గొంతు సవరించుకుని, "అంటే... వాడు కొంచెం శ్రద్ధగా ఉండేలా చూడండమ్మా" అన్నాను. ఆవిడ తల ఊపి అదే రాసుకుంది. రాసుకున్నాక ఆ వాక్యాన్ని ఒకసారి చదువుకుంది. అప్పుడు ఆవిడ ముఖంలోకి చూడకుండా నేను తర్వాతి కార్డు అందుకున్నాను.

ఇక మూడో బెంచీ అబ్బాయి సంగతి. వాడి కార్డు ఇంకా రాయలేదు, అడుగున పెట్టాను. పోయిన వారం వాడి లెక్కల నోటుబుక్కు దిద్దాను. సమీకరణంలో మూడో మెట్టు దాకా అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. నాలుగో మెట్టులో సమానం గుర్తు పెట్టబోయాడు. పైగీత బాగానే పడింది. కింది గీత పక్కకి జారి, మార్జిను దాటి, పేజీ చివరిదాకా పోయింది. అక్కడ సిరా ఊరి చిన్న మరక అయింది. అంటే పెన్ను అక్కడ కాసేపు ఆగిందన్నమాట. ఆ మరక కింద మళ్లీ మొదలుపెట్టాడు, ప్లస్ ఉన్నచోట మైనస్ ఎక్కించుకుని. జవాబు తప్పు. నేను ఎర్రసిరాతో కొట్టేసి రెండు మార్కులు తగ్గించాను. వాడికి లెక్క రాకపోవడం కాదది, నిద్ర రావడం. కానీ నా ఎర్రపెన్నుకి ఆ రెంటికీ తేడా తెలియదు.

ఉదయం మొదటి పీరియడ్ నాదే. మీలాంటివారికి వాడి నిద్ర బద్ధకంలా కనిపిస్తుంది. ఒంట్లో జరిగేది వేరు. ఈడొచ్చే వయసులో నిద్రని పిలిచే మెలటోనిన్ అనే హార్మోన్ ఆలస్యంగా ఊరడం మొదలవుతుంది. లోపలి గడియారం గంటా రెండు గంటలు ఆలస్యంగా నడుస్తుంది. తొమ్మిదింటికి మంచం మీద పడుకోబెట్టినా పదకొండు దాకా కప్పు కేసి చూస్తూ ఉండేది అందుకే. "అదంతా ఫోను మహిమ" అంటారని తెలుసు. ఫోను అమాయకురాలని నేననను. చేతిలో ఉంటే పదకొండుని ఒంటిగంట చేస్తుంది. కానీ ఎలుకల్లోనూ కోతుల్లోనూ కూడా ఆ ఈడులో నిద్ర వేళలు ఇలాగే ఆలస్యమవుతాయని శాస్త్రవేత్తలు గమనించారు. ఎలుకలకి ఫోన్లు ఎవరు కొనిచ్చారో మరి.

13 నుంచి 18 ఏళ్ల వాళ్లకి రోజుకి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని నిద్ర వైద్యులు చెబుతారు. పదకొండున్నరకి నిద్ర పట్టినవాణ్ని అయిదున్నరకి లేపితే చేతికొచ్చేది ఆరు గంటలు. ఈ తీసివేత అయిదో తరగతి వాడు కూడా చేస్తాడు. చేయనిది బడి. పిల్లల వైద్యుల సంఘం ఒకటి అమెరికాలో 2014లోనే, హైస్కూళ్లు ఉదయం ఎనిమిదిన్నరకి ముందు మొదలుపెట్టొద్దని చెప్పింది. సియాటిల్ నగరం 2016లో హైస్కూళ్లు మొదలయ్యే వేళని దాదాపు గంట ఆలస్యం చేసింది. పిల్లలు ఇంకాసేపు మేలుకుని ఆ గంట కూడా తగలేస్తారని పెద్దవాళ్లు అనుకునే ఉంటారు. కొలిచి చూస్తే బడి ఉన్న రోజుల్లో వాళ్ల నిద్ర సుమారు 34 నిమిషాలు పెరిగింది. ఆ పరిశోధకులు చూసిన క్లాసులో మార్కులు కూడా కాస్త పెరిగాయి. కాలిఫోర్నియాలో ఆ ఎనిమిదిన్నర నియమం 2022 నుంచి చట్టంగానే అమల్లోకి వచ్చింది.

ఏ ప్రోగ్రెస్ కార్డులోనైనా "మా బడి మరీ పొద్దున్నే మొదలవుతోంది, బడి శ్రద్ధ పెట్టాలి" అని ఉండగా చూశారా? మిమ్మల్ని అచ్చు వేసినవాడు మీకు ఒక వైపే నోరు పెట్టాడు.

గొంతు మారుతున్న అబ్బాయి ఇంకొకడున్నాడు. ఏడో తరగతిలో పద్యం ఎత్తుకుంటే పక్క క్లాసువాళ్లు తలుపు దగ్గరికి వచ్చి వినేవారు. ఈ ఏడాది స్వరపేటిక పెరిగి, వాక్యం మధ్యలో గొంతు అటకెక్కి ధబ్బున కింద పడుతోంది. మొదటిసారి క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను, దాచేదేముంది. ఆ రోజు నుంచి వాడు లేచి చదవడం మానేశాడు. చదివి వినిపించే పరీక్షలో 20కి 6 వచ్చాయి. మీలో "పఠనం మెరుగుపడాలి" అని రాశారు తెలుగు మాస్టారు. మెరుగుపడాల్సింది మా నవ్వు.

ఆడపిల్లల విషయంలో మీకున్న అజ్ఞానం గురించి రాయాలంటే నాకే మొహం చెల్లడం లేదు, ఎందుకంటే అందులో సగం నాది. మొదటి బెంచీలో కూర్చునే అమ్మాయి ఉన్నట్టుండి రెండు రోజులు చివరి బెంచీకి మారేది. బోర్డు దగ్గరికి రమ్మంటే, జవాబు తెలిసి కూడా తల అడ్డంగా ఊపేది. "లేచి రా, ఏమైంది?" అని గట్టిగా రెండుసార్లు పిలిచాను కూడా. స్టాఫ్ రూములో ఒక మేడమ్ నెమ్మదిగా, "సార్, ఆ అమ్మాయిని ఈ రెండు రోజులు లేపకండి" అంది. ఆ మాట అర్థం కావడానికి నాకు నిమిషం పట్టింది, అందుకు సిగ్గుపడడానికి చాలా రోజులు పట్టింది. కడుపునొప్పి ఒక పక్క, బట్టలకి ఏమైనా అంటిందేమోనన్న భయం ఇంకో పక్క. వాటి మధ్య త్రికోణమితి. ఈ వయసు ఆడపిల్లల్లో చాలామందికి రక్తహీనత ఉంటుంది. ఐరన్ తగ్గితే నీరసం వస్తుంది, చదివింది బుర్రకి ఎక్కదు. అది రక్తపరీక్షలో తెలుస్తుంది, మీలో మాత్రం "చురుకుదనం తగ్గింది" అని తెలుస్తుంది.

ఇళ్లల్లో ఏం జరుగుతుందో రాయను. రాస్తే మీరు మాత్రం పట్టించుకుంటారా?

స్నేహాల సంగతికొస్తే, మీరు దాన్ని "చెడు సావాసం" అనే ఒక్క పేరుతో గుర్తుపడతారు. సావాసమే లేకపోవడం మీ నిఘంటువులో లేదు. ఒక అమ్మాయికి యూనిట్ టెస్టులో 78 వచ్చాయి, తర్వాతి దాంట్లో 41. ఆ రెంటి మధ్య సిలబస్ మారలేదు, మాస్టారు మారలేదు. మధ్యాహ్నం భోజనాల దగ్గర నలుగురు కూర్చునే బల్ల మీద ఒకరోజు ఆమెకి చోటు లేకుండా పోయింది. కారణం ఏమిటో ఆ పిల్లకి ఎవరూ చెప్పలేదు. ఆ బల్లకి, భిన్నాలకి సంబంధం ఏమిటని అడిగే పెద్దమనుషులు ఒకసారి పద్నాలుగేళ్ల వయసు గుర్తుచేసుకుంటే చాలు. ఉద్వేగాలకి వేగం ఎక్కువగా ఉండే రోజులవి. వాటికి బ్రేకు వేసే మెదడు ముందు భాగం పూర్తిగా ఎదగడానికి దాదాపు పాతికేళ్లు వస్తాయి. బ్రేకు ఇంకా బిగిస్తూ ఉండగానే మనం వాళ్లని ఘాట్ రోడ్డు ఎక్కించి, "వేగం తగ్గించుకోవాలి" అని మీలో రాస్తాం.

పరీక్ష టెన్షన్ గురించి ఒక మంచి ముక్క చెబుతాను, పనికొస్తుందేమో. బుర్రలో లెక్క చేసుకునే జాగా చిన్నది. "ఫెయిలైతే ఏమవుతుంది, ఇంట్లో ఏమంటారు" అన్న గోల వచ్చి అందులోనే కూర్చుంటుంది. ఇంక లెక్కకి చోటెక్కడిది? 2011లో రామిరెజ్, బైలాక్ అనే ఇద్దరు పరిశోధకులు తొమ్మిదో తరగతి పిల్లల చేత పరీక్షకి ముందు పది నిమిషాల పాటు తమ భయాలని కాగితం మీద రాయించారు. మామూలుగా ఎక్కువ భయపడే పిల్లలకి మార్కులు పెరిగాయి. నేనూ ఈసారి రాయించాను. 38 మంది రాశారు. కాగితాలు తీసుకోనని, చించి పారేసుకోవచ్చని చెప్పాను. మార్కులు పెరిగాయో లేదో ఒక్క పరీక్షతో చెప్పలేను. కానీ ఆ పది నిమిషాలు క్లాసులో పెన్నుల చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. "శ్రద్ధ" అని మనం వెతుకుతున్నది అలాగే ఉంటుందనుకుంటాను.

మీకు చోటు దొరకని పెద్ద విషయం ఇంకొకటుంది. 10 నుంచి 19 ఏళ్ల వాళ్లలో ప్రతి ఏడుగురిలో ఒకరికి ఏదో ఒక మానసిక సమస్య ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. లెక్కల మాస్టారిని కాబట్టి భాగహారం చేయకుండా ఉండలేను. 42ని 7తో భాగిస్తే 6. నా క్లాసులో కచ్చితంగా ఆరుగురున్నారని అనను, సగటు అలా పనిచేయదు. కానీ పదిహేడేళ్లుగా మీలో రాస్తున్నాను. ఇప్పటిదాకా ఒక్కరూ లేరు. దిగులుగా ఉన్నవాడు "మౌనంగా ఉంటాడు, మంచి ప్రవర్తన" అయ్యాడు. ఆందోళనతో చేతులు వణికే పిల్ల "చేతిరాత బాగోలేదు" అయింది. ప్రపంచం మొత్తం మీద ఇంత ఆరోగ్యవంతమైన క్లాసు ఇంకొకటి ఉండదు.

రాస్తూ రాస్తూ అన్ని కార్డులూ అయిపోయాయి. మిగిలిన పదకొండిట్లో ఏడింటికి ఏం రాశానో అడక్కండి, పాత అలవాటు. మూడింటికి మాత్రం కొంచెం ఆగి రాశాను. చివరిది మూడో బెంచీ అబ్బాయిది.

వాడి కార్డులో ఇలా రాశాను: "రాత్రి ఎన్నింటికి నిద్ర పడుతోందో అడగండి. తిట్టకుండా అడగండి. లెక్క వచ్చు, నిద్ర చాలడం లేదు. మొదటి పీరియడ్‌లో లెక్కలు తీసేసి మూడో పీరియడ్‌కి మార్చమని బడిని నేను అడుగుతాను."

మీలో పట్టలేదు. మొదటి వాక్యం దగ్గరే మీ గీతలు దాటింది. రెండోది పక్కనున్న హాజరు గడిలోకి పోయింది. చివరిది తండ్రి సంతకం పెట్టే చోటుని మింగేసింది. ఇక ఆయన ఎక్కడ సంతకం పెడతారో తెలియదు. హెడ్మాస్టర్ గారు పిలిచి అడిగితే మీ పేరే చెబుతాను.

చివరి అక్షరం కాస్త జారి పేజీ అంచుదాకా పోయింది. ఒంటిగంటయింది కదా. పొద్దున మొదటి పీరియడ్ నాదే.

ఇట్లు,
తొమ్మిదో తరగతి క్లాస్ టీచర్