పాట ఆపి చూడండి, చిప్ సంగతి తెలుస్తుంది

ఐ2ఎస్ (చిప్‌ల మధ్య డిజిటల్ ఆడియో పంపే పద్ధతి) వైర్లు మూడు తగిలించగానే పాట వచ్చింది, యాంప్లిఫయర్ చిప్ సూపర్ అని రాసేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతోంది. రాకపోతే కదా వింత! పాట మోగుతున్నంతసేపూ అన్ని డిజిటల్ ఇన్‌పుట్ క్లాస్-డి చిప్‌లూ (డిజిటల్ ఆడియోని నేరుగా తీసుకుని, ఔట్‌పుట్‌ని వేగంగా ఆన్-ఆఫ్ చేస్తూ స్పీకర్‌ని నడిపే యాంప్లిఫయర్లు) మంచివే.

ముందు ఆ వాట్ల గోల. మ్యాక్స్98357ఏ తీసుకోండి, వేలమంది చేతుల్లో నలిగిన చిప్. 5 వోల్టుల సప్లై, 4 ఓమ్‌ల స్పీకర్, 3.2 వాట్లు అంటుంది. ఒక్కసారి కాగితం మీద లెక్క వేయండి. బ్రిడ్జ్ ఔట్‌పుట్ (స్పీకర్ రెండు కొసల్నీ చిప్పే నడుపుతుంది) కాబట్టి స్పీకర్ మీద పీక్ 5 వోల్టులు దాటదు. 5 వర్గం 25. దాన్ని 4కి రెట్టింపు, అంటే 8తో భాగిస్తే 3.125. లోపలి ట్రాన్సిస్టర్లలో ఏమీ పోకపోయినా శుభ్రమైన సైన్ వేవ్‌కి అదే గరిష్ఠం. మరి 3.2 ఎక్కడిది? అది 10% డిస్టార్షన్ దగ్గర కొలిచినది, అంటే వేవ్ తల చదునయ్యాక. 1% దగ్గర అదే చిప్ ఇచ్చేది 2.5. ఇందులో మోసమేమీ లేదు, అందరూ ఇలాగే రాస్తారు. కానీ ఒకదాని 10% అంకెని ఇంకోదాని 1% అంకె పక్కన పెట్టి "ఇది పవర్‌ఫుల్" అని తీర్పు చెప్పేవాళ్లని ఏమనాలి?

నేను మొదట చేసేది ఇదీ: ఫ్యాన్ ఆపేసి, ఐ2ఎస్‌లో వరసగా సున్నాలు పంపి, ట్వీటర్‌కి (సన్నని స్వరాలు పలికే చిన్న స్పీకర్) చెవి ఆనిస్తాను. సన్నగా "స్‌స్‌స్" వినిపిస్తే డెస్క్ స్పీకర్‌కి ఆ చిప్ వద్దు. వాల్యూమ్ తగ్గించి సర్దుకుందామంటే కుదరదు. సోర్స్‌లో 24 డీబీ తగ్గిస్తే 16 బిట్లలో దాదాపు 4 బిట్లు వదులుకున్నట్టే, ఔట్‌పుట్‌లోని ఆ హిస్ మాత్రం అక్కడే ఉంటుంది. తగ్గించాల్సింది చిప్ గెయిన్, అంటే సిగ్నల్‌ని అది ఎన్ని రెట్లు పెంచుతుందో ఆ అంకె.

తర్వాత పాట మధ్యలో బిట్ క్లాక్ వైరు (ఒక్కో బిట్ ఎప్పుడు చదవాలో చెప్పే ఐ2ఎస్ వైరు) పీకేస్తాను. మంచి చిప్ చప్పుడు లేకుండా మ్యూట్ అవుతుంది. నా దగ్గరున్న ఒక మాడ్యూల్ అయితే 44.1 కిలోహెర్ట్జ్ శాంపిల్ రేటు పాట నుంచి 48కి మారిన ప్రతిసారీ "టప్" మంటుంది. వారం రోజులు నా కోడ్‌లోనే తప్పు వెతుక్కున్నాను. ముందు మ్యూట్ చేసి, క్లాక్ మార్చి, అది కుదురుకున్నాక మ్యూట్ తీస్తే ఆగింది. డెమో కోడ్‌లో ఆ మ్యూట్ లైన్లే లేవు.

సప్లై కూడా మార్చి చూడాలి. ఫీడ్‌బ్యాక్ (ఔట్‌పుట్‌ని చూసి తప్పు సరిదిద్దుకునే ఏర్పాటు) లేని డిజైన్‌లో సప్లై రిపుల్, అంటే వోల్టేజీలోని చిన్న ఎగుడుదిగుళ్లు, నేరుగా పాటలో కలుస్తుంది. ల్యాబ్ సప్లైతో ముత్యంలా ఉన్న చిప్ మామూలు అడాప్టర్‌తో గుర్రుమంటుంది.

వేడి సంగతికొస్తే, ఇవాల్యుయేషన్ బోర్డు (చిప్ కంపెనీ ఇచ్చే పరీక్ష బోర్డు) చూసి నమ్మొద్దు. వేడిని లాగేయడానికి దాని నిండా రాగి పరిచి ఉంటుంది. 90% ఎఫిషియెన్సీ అన్నా 20 వాట్లు బయటికిస్తే 2 వాట్ల పైచిలుకు ఆ గోరంత చిప్‌లోనే మిగులుతుంది. నా రెండు లేయర్ల బోర్డు మీద అయితే పదో నిమిషానికి షట్‌డౌన్.

అన్నట్టు, వేవ్ చూడటానికి ఆసిలోస్కోప్ పెట్టేవాళ్లు ప్రోబ్ గ్రౌండ్ క్లిప్‌ని స్పీకర్ మైనస్‌కి తగిలించకండి. బ్రిడ్జ్‌లో ఆ మైనస్ గ్రౌండ్ కాదు, అదీ ఔట్‌పుటే. నేను తగిలించాను. చిటుక్ మంది, అంతే. రెండు ఛానెళ్లతో కొలిచి ఒకదాంట్లోంచి ఒకటి తీసేయాలని ఆ తర్వాత గుర్తొచ్చింది.