తప్పంతా ఒత్తులదే

విండోస్, మ్యాక్, లినక్స్, ఫోన్లు అన్నిటి మీదా నడవాల్సిన ఒక గేమ్ కోడ్‌కి నేను కాపలాదారుణ్ణి. ఆ హోదాలో, బాగా ఆలోచించి, ఎవరినీ నొప్పించే ఉద్దేశం లేకుండా ఒక మాట చెప్పదలచుకున్నాను. మా కోడ్‌లో ఏ తప్పూ లేదు. తప్పు భాషలది.

మా పెద్దలు ఈ కోడ్‌ని ఒకే ఒక్క సూత్రం మీద నిలబెట్టి వెళ్ళారు: ఒక అక్షరం, ఒక బైటు, ఒక బొమ్మ. ఇంగ్లీషు ఆ సూత్రానికి కట్టుబడి బుద్ధిగా కాపురం చేసుకుంటోంది. మిగతావాళ్ళు వచ్చిన దగ్గర్నుంచే గొడవలు. అరబ్బీ కుడివైపు నుంచి బయల్దేరుతుంది, మధ్యలో అంకె తగిలితే అది మాత్రం ఎడమ నుంచే చదవాలంటుంది. థాయ్ మాటల మధ్య ఖాళీ వదలదు, లైను ఎక్కడ విరవాలో నిఘంటువును అడిగి తెలుసుకోవాలి. టర్కిష్‌లో చిన్న 'ఐ'ని పెద్దక్షరం చేసినా నెత్తిమీది చుక్క దిగదు. ఫైలు పేర్లన్నిటినీ పెద్దక్షరాల్లోకి మార్చుకుని వెతికే మా గేమ్, టర్కిష్ సెట్టింగులున్న కంప్యూటర్లో తన ఫైలు తానే గుర్తుపట్టలేక గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. ఒక్క చుక్క! దాన్ని వదులుకోలేరా?

ఇక తెలుగు. లోకంలోని లిపుల గుర్తులకి తలా ఒక నంబరిచ్చే యూనికోడ్‌లో, 1991లో వచ్చిన మొదటి వెర్షన్‌లోనే దీనికి చోటు దొరికింది. ఇప్పుడు పేరు మీద 128 గదులున్నాయి. ఇల్లు ఇచ్చాక గదికొకరు చొప్పున ఉండాలా, వద్దా? 'స్త్రీ' చూడ్డానికి ఒక్క అక్షరం. తలుపు తీసి చూస్తే లోపల ఆరుగురు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం. ఆ నంబర్లని బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో తలా 3 బైట్లు, వెరసి 18. ఈ ఆరుగురిలో ఎవరు పైన ఉండాలి, ఎవరు ఎవరి కిందికి దూరాలి అన్న పంచాయితీ తీర్చడానికి షేపింగ్ ఇంజిన్ అని మరొకరు కావాలి.

హార్ఫ్‌బజ్ అని ఆ పని చేసేది ఒకటుంది. ఉచితం, ఓపెన్ సోర్స్. ఆండ్రాయిడ్, క్రోమ్, ఫైర్‌ఫాక్స్ అన్నీ దాన్నే నమ్ముకున్నాయి. మీరూ పెట్టుకోవచ్చుగా అని అడిగేవాళ్ళకి నా జవాబు ఒకటే: గేమ్ సైజు పెరిగిపోతుందండీ. మా హీరో బూటుకి అంటిన బురదకే 4096 పిక్సెళ్ళ వెడల్పు, అంతే ఎత్తు ఉన్న టెక్స్చర్, అంటే పైన అతికించే బొమ్మ, వాడాం. కుదించకపోతే అదొక్కటే 64 ఎంబీ. బురద విషయంలో రాజీపడే ప్రసక్తి లేదు. అక్షరాల కోసం ఇంకో ఒకట్రెండు ఎంబీలు ఎక్కణ్ణుంచి తెమ్మంటారు?

అందుకని డెస్క్‌టాప్ మీద మేం అక్షరాలన్నిటినీ క్యూలో నిలబెడతాం: స్‌త్‌రీ. కష్టపడితే చదవొచ్చు. ఫోన్లలో ఈ పని సిస్టమ్‌కే వదిలేశాం కాబట్టి అక్కడ చక్కగానే వస్తుంది, కానీ అక్కడ వేరే చిక్కు. డైలాగులు ఒక్కొక్క అక్షరమే టైపవుతూ రావడం మా గేమ్‌కి పెద్ద ఆకర్షణ. లోకాల్ని గడగడలాడించాల్సిన రాక్షసుడు నోరు తెరిచి స, స్, స్త, స్త్, స్త్ర అంటూ నత్తి కొట్టి, ఆరో అడుగులో 'స్త్రీ' దగ్గరికి చేరతాడు. నవ్వేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి. పొల్లు దగ్గర అక్షరాన్ని రెండు ముక్కలు చేయకూడదన్న నియమం తెలుగు విషయంలో యూనికోడ్ వారి సాధారణ సూత్రాల్లోకి వచ్చిందే 2023లో, 15.1 వెర్షన్‌తో. వాళ్ళు ముప్పై ఏళ్ళు పైన తీసుకోవచ్చు, మేం మాత్రం వచ్చే రిలీజ్‌కల్లా సరిచేయాలి!

ఆటగాళ్ళ పేర్ల సంగతి చెప్పకుండా ఉండలేను. పేరుకి 16 బైట్లు కేటాయించాం, చివరిది ముగింపు గుర్తుకి. మిగిలిన 15లో తెలుగు గుర్తులు సరిగ్గా అయిదు పడతాయి. లక్ష్మి అని టైపు చేస్తే ఏడు గుర్తులు కాబట్టి 'మి' బయటే ఉండిపోయి, 'లక్ష్' అనే కుర్రాడొకడు ఆటలోకి దిగుతాడు. అతను నెగ్గగానే "లక్ష్ గెలిచాడు" అని తెరమీద పడుతుంది. ఈ కోడ్ మొత్తంలో నాకు బాగా నచ్చిన చోటు ఇదే. రెండు తప్పులు ఒకదాన్నొకటి ఇంత అందంగా సమర్థించుకోవడం నేనెక్కడా చూడలేదు. అనువాదకురాలు "గెలిచారు అని పెట్టండి, ఎవరికైనా సరిపోతుంది" అన్నారు. ఆ వాక్యాన్నే దయ్యాలు గెలిచినప్పుడూ వాడుతున్నాం. దయ్యానికి మర్యాద దేనికని తోసిపుచ్చాను.

బటన్ల ఎత్తు ఇంగ్లీషు పెద్దక్షరాలకి కొలిచి కుట్టించాం. అందులో 'మొదలుపెట్టు' దూరిస్తే కింది ఒత్తు తెగిపోయి 'మొదలుపెటు' మిగులుతుంది. నొక్కితే ఆట మొదలవుతూనే ఉంది కదా.

ఇదంతా నా ఒక్కడి మొండితనం అనుకునేవాళ్ళకి 2018 ఫిబ్రవరి గుర్తుచేస్తాను. 'జ్ఞా' అనే అక్షరం, కంటికి కనిపించని ఒక గుర్తును మధ్యలో ఇరికించుకుని వస్తే చాలు, ఐఫోన్లలో మెసేజ్ యాప్‌లు కుప్పకూలేవి. అదే నెల 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సరిచేశారు. అప్పుడు ప్రపంచ పత్రికలు ఏమని రాశాయి? తెలుగు అక్షరం ఫోన్లను కూల్చేస్తోందని! ఫోనుకి తెలుగు రాలేదని కాదు. నేను ఇన్నాళ్ళుగా మొత్తుకుంటున్నదీ అదే. పైగా కూల్చింది ఏ అక్షరం? జ్ఞానంలో మొదటిది. అది ఎంత ప్రమాదకరమో వేరే చెప్పాలా.

కాబట్టి నా ప్రతిపాదన. కోడ్‌ని ముట్టుకోవడం ఎలాగూ కుదరదు. అందులో ఒక ఫైలు పైన "దీన్ని కదపవద్దు, ఎందుకు పనిచేస్తోందో తెలియదు" అని రాసి ఉంది, రాసినవాడు ఎప్పుడో ఉద్యోగం మానేశాడు. భాషకి అలాంటి అడ్డంకులేవీ లేవు, మాట్లాడేవాళ్ళు కోట్లలో ఉన్నారు, తలా ఒక చెయ్యి వేస్తే సరి. విడతలవారీగా చేద్దాం. మొదటి విడతలో ఒత్తులు తీసేద్దాం. అది మరీ ఎక్కువ అనిపిస్తే, నా మీద అన్నిటికన్నా ఎక్కువ ఫిర్యాదులు తెచ్చిపెట్టిన 'క్ష' ఒక్కదానితో మొదలుపెడదాం. అది పోతే, ఏ లోపం వచ్చినా "క్షమించండి" అని చూపించే డబ్బా కూడా తీసేయొచ్చు.