డెక్ దించుకుంటే సరిపోదు

ప్రశ్న-జవాబు కార్డులను పదేపదే చూపించి గుర్తుండేలా చేసే యాప్ అంకీ. ఆ కార్డులుంటే పుస్తకాలతో పెద్దగా పని లేదన్నట్టు రాశారు మీ వ్యాసంలో. సగమే ఒప్పుకుంటాను. నేను కర్నూలులో ఎంబీబీఎస్ చదివాను. ఫస్టియర్‌లో ఓ సీనియర్ దగ్గర వేల కార్డుల డెక్ (రెడీమేడ్ కార్డుల కట్ట) తెచ్చుకుని మెస్ క్యూలో కూడా ఫోన్ నొక్కుతూనే ఉన్నా. ‘ఫొరామెన్ స్పైనోసమ్?’ అని పుర్రెలోని ఓ రంధ్రం పేరు కనపడగానే, అందులోంచి వెళ్లే రక్తనాళం ‘మిడిల్ మెనింజియల్ ఆర్టరీ’ అని టక్కున వచ్చేది. తీరా వైవాలో (మౌఖిక పరీక్షలో) సార్ పుర్రె చేతికిచ్చి ఆ రంధ్రం చూపించమంటే, పక్కనున్న ఫొరామెన్ ఓవేల్ అనే మరో రంధ్రం మీద వేలు పెట్టా! ఆయన నవ్విన నవ్వు ఇంకా గుర్తే.

ఆ తర్వాత సొంతంగా కార్డులు చేసుకున్నా. ముందు పుస్తకం చదివి, ఎముకను చేత్తో తిప్పి చూసి, దాని ఫొటో తీసి, పేర్లు కనపడకుండా మూసేసి... రోజుకు 15 కొత్తవి, అంతే. మరిచిపోబోయే ముందు కార్డు మళ్లీ ఎదురుకావడమే ఇందులో కిటుకు. మరుపు ఎంత వేగంగా వస్తుందో జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఎబ్బింగ్‌హాస్ 1885లోనే లెక్కగట్టి చూపాడు. అయితే ఉగాదికి ఊరెళ్లి వారం ఆపానా, తిరిగొచ్చేసరికి దాదాపు 700 కార్డులు పేరుకుని ఒకటే టెన్షన్.

అన్నట్టు, ఆండ్రాయిడ్‌లో అంకీ ఉచితమే. ఐఫోన్ యాప్‌కే డబ్బు కట్టాలి. వ్యాసంలో ఆ ముక్క వదిలేశారు.