బావ బడ్జెట్లో క్వాడ్ కోర్

మా బావకు హన్మకొండ చౌరస్తా దగ్గర ఓ సందులో డీటీపీ షాపుంది. లగ్గం పత్రికలు, పుట్టువెంట్రుకల కార్డులు, దశదిన కర్మ కార్డులు అన్నీ ఒక్క కంప్యూటర్ మీదే తయారవుతాయి. అందులో ఉన్నవి పెంటియం డ్యూయల్ కోర్ ఈ5300, జీ31 బోర్డు, 2 జీబీ ర్యామ్. కొత్తది కొనడు. కొంటే విండోస్ మారుతుందట, విండోస్ మారితే పత్రికలు పేర్చే సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ మొరాయిస్తుందట, అది మొరాయిస్తే 'అను' అనే తెలుగు ఫాంట్లలో దాచిన పాత పత్రికలన్నీ పిచ్చి గీతలవుతాయట. ఇది బావ వాదన. జేబులోంచి చెయ్యి బయటికి రాదన్నది మా అక్క వాదన.

మాఘమాసం లగ్గాల ముందు సిస్టం మరీ నత్తనడక నడిచింది. పాత 160 జీబీ హార్డ్‌డిస్క్ తీసేసి ఓ ఎస్ఎస్‌డీ పెట్టు బావా, సగం రోగం పోతుందన్నాను. "డబ్బా మార్చుడు గాదు, మెదడు మార్చాలె" అన్నాడు. ఆ బోర్డు 775 సాకెట్‌ది కాబట్టి ఆ సాకెట్లో, అంటే ప్రాసెసర్ కూర్చునే గూట్లో, నాలుగు కోర్లు (పనిచేసే మెదళ్లు) ఉన్న కోర్ 2 క్వాడ్ క్యూ6600 పడుతుందని ఎవరో ఆయన చెవినేశారు. 2007 జనవరిలో ఇంటెల్ దాన్ని విడుదల చేసినప్పుడు అది రాజాలాంటి ప్రాసెసర్. ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లో చిల్లరకు దొరుకుతుంది. చిల్లర అన్న మాట వినగానే బావ తెల్లారేసరికి కాజీపేట స్టేషన్‌లో ఉన్నాడు.

సికింద్రాబాద్‌లో కొనుక్కొచ్చాడు. రైలు టికెట్లు, మధ్యాహ్నం బిర్యానీ బడ్జెట్లో కలపలేదు. "తిండి ఇంట్లున్నా తినాలె గదా" అన్నాడు. బిర్యానీ ఇంట్లో ఎప్పుడు వండారో మా అక్కను అడగాలి.

షాపులోనే ఆపరేషన్. పరకాల నుంచి వచ్చిన ఓ పెండ్లికొడుకు మేనమామ ప్రూఫ్ చూసుకుందామని స్టూలు మీద కూర్చున్నాడు. "పది నిమిషాలు కాకా" అని బావ సీపీయూ డబ్బా విప్పాడు. లోపల ఎన్నేండ్ల దుమ్మో.

ఆ కూలర్‌కు (ప్రాసెసర్‌ను చల్లబరిచే ఫ్యాను) నాలుగు మూలలా నాలుగు ప్లాస్టిక్ పిన్నులుంటాయి. ఊడదీయాలంటే తలమీది బాణం చూపిన వైపు తిప్పి పైకి లాగాలి. బిగించేటప్పుడు వెనక్కి తిప్పి, ఎదురెదురు మూలలు నొక్కాలి, టక్కుమనాలి. ఊడదీయడం బాగానే అయింది. ప్రాసెసర్ వేడిని కూలర్‌కు చేర్చే పేస్ట్ గట్టిపడి పెచ్చులు పెచ్చులుగా లేచింది. కొత్త పేస్ట్ పక్కన మొబైల్ రిపేరింగ్ పిల్లగాడి దగ్గర అప్పు తెచ్చాడు. సాకెట్‌లోని పిన్నులు వెంట్రుకల్లా ఉంటాయి, ఒక్కటి వంగినా బోర్డు గోవింద. అక్కడ మాత్రం బావ ఊపిరి బిగబట్టి, ప్రాసెసర్ మీది గాట్లు సరిచూసి, చిన్నపిల్లను ఉయ్యాలలో వేసినంత నెమ్మదిగా దింపాడు. తర్వాత కూలర్ పెట్టి మొదటి మూల నొక్కితే టక్కుమంది. రెండోది టక్కు. మూడోది టక్కు. నాలుగోది ఫట్టు.

ప్లాస్టిక్ ముక్క ఎగిరి కాక చాయ్ గ్లాసులో పడింది.

"మూడు కాళ్ల మీద నిలబడదా?" అని బావ నన్నే అడిగాడు. నా జవాబు వినకుండానే కార్డుల కట్టలకు చుట్టే సుతిలితో నాలుగో మూలను బోర్డు కిందినుంచి లాగి కట్టేశాడు. ఇక బీఐఓఎస్ (కంప్యూటర్‌ను మేల్కొలిపే ప్రోగ్రాం) కొత్త ప్రాసెసర్‌ను గుర్తుపట్టాలంటే బోర్డు మీది గుండ్రటి సెల్లు ఓసారి తీసి పెట్టాలని కూడా ఎవరో చెప్పారట, అదీ కానిచ్చాడు.

ఆన్ చేస్తే తెర వెలిగింది! క్వాడ్ అని పేరు కూడా వచ్చింది. బావ మీసం తిప్పుతుండగా వాట్సాప్ వెబ్ తెరిస్తే, మీ గడియారం వెనకబడి ఉంది అని బ్రౌజర్ మొండికేసింది. మూలన చూస్తే 2009 జనవరి 1. సెల్లు తీసేసరికి తేదీ వెనక్కిపోయింది, సైట్ల సర్టిఫికెట్లు ఆ తేదీని ఒప్పుకోవు.

కాక కళ్లజోడు సవరించుకుని తొంగిచూశాడు. "2009ల మా పిల్లగాడు ఇంక బడికే పోతుండె సేటూ. గప్పుడే లగ్గమెట్ల జేస్తం?"

తేదీ సరిచేసి పత్రిక తెరిచాం. "శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు" వరకు వచ్చింది. అవిఘ్నమస్తు దగ్గర తెర నల్లబడింది. మళ్లీ ఆన్ చేస్తే మళ్లీ నల్లబడింది. పాత ఈ5300 వేడి లెక్క 65 వాట్లు. క్యూ6600లో మొదట వచ్చిన రకానికి 105. బావ ఇంకాస్త తక్కువకు వస్తుందని ఆ రకమే తెచ్చాడు. బక్క కూలర్, అదీ మూడు పిన్నులు, ఓ సుతిలి. ప్రాసెసర్ మాడిపోకుండా తనను తాను ఆపేసుకుంటోంది, పాపం దాని తెలివి అది చూపించింది.

కాక లేచాడు. "బస్సుకు పోతా, రేపొస్తా" అన్నాడు కానీ అటు పక్క సందులోని ఇంకో డీటీపీ షాపు వైపు నడిచాడు.

బావ మర్నాడు పెద్ద కూలర్ కొన్నాడు. అది డబ్బాలో పట్టక పక్క రేకు తీసి గోడకు ఆనించాడు. ఇప్పుడు ఆగిపోవడం లేదు. పేజ్‌మేకర్ మాత్రం ఎప్పటిలాగే నడుస్తోంది. అది చివరిసారి కొత్త వెర్షన్‌గా వచ్చింది 2001లో, అప్పటికి ఇండ్లలోని కంప్యూటర్లకు రెండు కోర్లు కూడా లేవు. దానికి ఒక్క కోరుతోనే పని. పైగా ఈ5300 ఒక్కో కోరు 2.6 గిగాహెర్ట్జ్, కొత్త రాజావారిది 2.4. టాస్క్ మేనేజర్ తెరిచి చూపించాను. మొత్తం వాడకం 25 శాతం దాటలేదు.

బావ చాలాసేపు ఆ గీత వైపే చూశాడు. "మిగిలిన 75 మనకు వాపస్ రాదా?"

రాదన్నాను. పాత ఈ5300ను అగ్గిపెట్టెలో దూది మధ్య పెట్టి జాగ్రత్త చేశాడు. పెడుతూ నా వైపు తిరిగాడు. "బామ్మర్దీ, మీ ఇంట్ల బాపు సిస్టం గూడ 775 బోర్డే గదా? దాన్ల పాత సెలెరాన్ ఉన్నట్టుంది. ఆయితారం వచ్చి మారుస్త, పైసలేం వద్దు."

ఫోన్ చేసి చెప్పగానే మా బాపు కంప్యూటర్ గదికి తాళమేసి, ఆదివారం మేడారం పోతున్నానన్నాడు. అప్పుడసలు జాతరే లేదు.