బజర్ నోరు మూయించిన విధంబెట్టిదనిన

వరంగల్ ఊరవతల ఒక కార్ఖానాలో ఎర్త్ ఫాల్ట్ బజర్ (కరెంటు దారి తప్పి భూమిలోకి పోతే మొత్తుకునేది) నోట్లో గుడ్డ కుక్కారని తెలిసి కొందరు ఇంజినీర్లు గుండెలు బాదుకుంటున్నారు. నేను ఆ గుడ్డను కళ్లారా చూసి వచ్చాను. నీలం గళ్ల పాత లుంగీ ముక్క. పైన నల్ల టేపు నాలుగు చుట్లు. ఎర్తింగు విషయంలో అంత శ్రద్ధగా చేసిన పని ఆ ఆవరణలో ఇంకోటి కనపడలేదు.

అక్కడి ట్రాన్స్‌ఫార్మర్ న్యూట్రల్‌ను మన ఇళ్ల లైన్లలాగా నేరుగా భూమికి కలపలేదు. మధ్యలో కరెంటుకు పగ్గం వేసే 48 ఓముల రెసిస్టర్ పెట్టారు. సిస్టం 415 వోల్టులది, ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య 240. ఏ ఫేజు వైరైనా ఒలిచిపోయి మోటరు బాడీకి తగిలితే భూమిలోకి పోయేది 5 ఆంపియర్లే. బ్రేకర్ పడదు, మిషన్ ఆగదు. యజమానికి ఇంతకన్నా స్వర్గం ఏముంటుంది! అయితే ఈ పద్ధతి పెట్టినవాళ్లకు మన సుఖం చూస్తే కన్నుకుట్టింది. ఫాల్ట్ పడిందని చెప్పే డిటెక్టర్ ఉండాలట, అది చెప్పింది అర్థమయ్యే మనిషి ఉండాలట, ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య ఒక్క లోడూ ఉండకూడదట. అమెరికా వాళ్ల కరెంటు నిబంధనల కోడులో ఈ మూడు షరతులూ రాసిపెట్టి ఉన్నాయి.

మూడోదే ముందు చెప్తాను. ప్యానెల్ పక్కన ఛాయ్ హీటరు, గేటు దగ్గర బతుకమ్మకు కట్టి ఇప్పటికీ విప్పని సీరియల్ బల్బులు, రెండూ ఆ న్యూట్రల్ మీదే బతుకుతున్నాయి. ఒక ఫేజు భూమికి అంటుకున్న నాడు ఆ న్యూట్రల్ భూమి మీద 240 వోల్టులకు లేస్తుంది. మిగతా రెండు ఫేజులు 415కు ఎక్కుతాయి. "న్యూట్రల్ ఏమనదు సార్" అన్నాడు ఛాయ్ పోస్తున్న పిలగాడు. ఛాయ్ మాత్రం బాగుంది.

ఇక అర్థమయ్యే మనిషి. షిఫ్టు ఎలక్ట్రీషియన్‌ను పట్టుకున్నాను.

"బజర్ ఎందుకు మూసిండ్రు తమ్మీ?"

"పది రోజుల సంది ఒకటే మొత్తుకునుడు సార్. నైట్ డ్యూటీల కన్ను మూయనిస్తలేదు."

"ఫాల్ట్ ఎక్కడున్నదో ఎతకలేదా?"

"మిషన్లు నడుస్తలేవా సార్?"

నా దగ్గర జవాబు లేదు. వెతికే ఏర్పాటు మాత్రం ఉంది. కాంటాక్టర్ అనే ఒక స్విచ్చు సగం రెసిస్టర్‌ను షార్ట్ చేస్తూ వదులుతూ ఉంటే ఫాల్ట్ కరెంటు 5కూ 10కీ మధ్య ఊగుతుంది. మూడు కోర్లూ (మూడు ఫేజుల వైర్లూ) కలిపి కేబుల్ చుట్టూ కరెంటు కొలిచే క్లాంప్ మీటరు పెట్టి నడుచుకుంటూ పోతే, ఆ ఊగడం ఎక్కడ ఆగిపోతే ఫాల్ట్ అక్కడ. మీటరు స్టోర్ బీరువాలో ఉంది. తాళంచెవి మేనేజర్ జేబులో, మేనేజర్ కరీంనగర్‌ల పెళ్లిలో.

గోదావరిఖని, భూపాలపల్లి బొగ్గుబాయిల వాళ్లను చూస్తే జాలేస్తుంది. అక్కడ 1100 వోల్టుల దాకా ఉన్న లైన్లలో ఎర్త్ ఫాల్ట్ కరెంటు 750 మిల్లీ ఆంపియర్లు దాటకూడదు, పైగా ఫాల్ట్ పడితే లైనే కట్. గుడ్డ కుక్కే భాగ్యం వాళ్లకేదీ?

నిజానికి గుడ్డ కన్నా మంచి మందు ఒకటుంది: రెసిస్టరే తెగిపోవడం. అప్పుడు కరెంటుకు తిరిగొచ్చే దారే సరిగా ఉండదు కనుక, ఆ దారిలో కూర్చుని లెక్కపెట్టి బజర్‌ను లేపే రిలే సున్నా చూసి హాయిగా ఉంటుంది. బయటినుంచి చూస్తే ఆరోగ్యంగా ఉన్న సిస్టమూ అదీ ఒకేలా కనపడతాయి. రెసిస్టర్ బతికుందో లేదో చూసే పరికరం కూడా కొనాలని కొటేషన్‌లో రాస్తే, ఆఫీసులో ఆ లైను కొట్టేశారట. అనవసర ఖర్చు.

నేను వెళ్లొచ్చిన మూడో నాడు, గురువారం రాత్రి, షెడ్డు ఇంకో మూలన ఇంకో ఫేజు వైరు ఒలిచింది. పాత ఫాల్ట్ ఎలాగూ అక్కడే ఉంది కనుక అది ఫేజుకు ఫేజు షార్టు, రెసిస్టర్‌ను అడిగేదేముంది, పోయింది వేల ఆంపియర్లు. రెండు మోటర్లు కాలాయి. పొద్దున్నే పెద్దలు దిగి లాగ్ రిజిస్టర్ తెప్పించారు. గురువారం రాత్రి 3 గంటల గడిలో "నార్మల్" అని ఉంది. శుక్రవారం, శనివారం గడుల్లోనూ అదే పెన్నుతో నార్మల్.